బయటివాడి సాక్ష్యం

పటమట, విజయవాడ
20 మే 1974

ఒరేయ్ హనుమయ్యా,

ఇక్కడ నేను కులాసా. నీ కులాసా సంగతి రాయక్కర్లేదు, మొన్న బస్టాండులో నీకంటే ముందు నీ పొట్ట కనపడింది.

నిలబడి చదువుతున్నావా? అరుగు మీద కూర్చో. చెల్లెమ్మ పద్మావతమ్మని కూడా పిలు. పిలిచావా? అయితే విను. నేను సెమినరీకి పోతున్నా! అవును, నేనే. పటమట మైకుసెట్టు ఆమోసు. పాస్టరు చదువుకి!

నోట్లో చుట్ట కింద పడితే పంచె చూసుకో, కాలుద్ది.

గోదావరి అవతల ఉందిరా ఆ సెమినరీ. నాలాగా బడి సగంలో మానేసి, తల సగం నెరిసినోళ్ళ కోసం తెలుగులోనే రెండేళ్ళ చదువు పెట్టారంట. పెళ్ళాన్ని కూడా తీసుకుపోవాలి, ఆడవాళ్ళకి వేరే క్లాసులు. జూలైలో మొదలు. మా పాస్టరు అబ్రహాము అయ్యగారు కాగితాలు పంపుతానన్నారు.

నిన్న షాపులో కూర్చుని తూకం వేశా. ఒక పక్క మైకుసెట్టు, పెళ్ళిళ్ళ సీజను, రిలీజు రోజు సినిమా, హోటల్లో టీ, చుట్ట, నిన్ను ఏడిపించే తీరిక. ఇవన్నీ పోతాయి. రెండో పక్క ఏముంది? తెల్లారకుండా గంట కొడితే లేవాలి. మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చోవాలి. పరీక్షలు రాయాలి. నేను! పరీక్షలు! అంతా అయ్యాక వచ్చే జీతం మైకు మీద వచ్చేదాంట్లో సగం ఉండదు. కానీ ఒక్క సంగతి చూడు. ఇన్నాళ్ళూ మైకు నాది, మాట ఇంకోళ్ళది. స్టేజీ ఎక్కి నేను చెప్పిందల్లా "హలో, హలో, మైక్ టెస్టింగ్". ఇప్పుడు మాట కూడా నాదేరా! ఆ తూకం దబ్బున అటు పడిపోయింది.

ఇంటికెళ్ళి మార్తకి చెప్పా. బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా "ఈసారి ఎవర్ని ఏడిపిస్తన్నావ్?" అంది. అంతే. మళ్ళీ రాళ్ళ మీద పడింది.

ఇప్పుడు నీతో పని. మా సంఘం కమిటీవాళ్ళు ఒక రూలు చెప్పారు. పాస్టరు అవుతానన్నవాడి గురించి మావాళ్ళు మంచోడంటే చాలదంట. సంఘం బయటివాడు, మా మతం కానివాడు, చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు ఒకడు చెప్పాలంట. నాకు నువ్వు కాక ఎవడున్నాడు? ఇద్దరం ఒకే రోజు బడి మానేసినోళ్ళం. పంతులుగారి కుర్చీకి జిగురు పూసింది నేను, దొరికింది నువ్వు. నాలుగు మంచి ముక్కలు రాసి అబ్రహాము అయ్యగారి పేర పంపు. తొందరగా!

నీ ఆమోసు


చల్లపల్లి
26 మే 1974

శ్రీ ఆమోసుగారికి,

కూర్చునే చదివాను. పద్మావతిని పిలవలేదు. నీ పేరు వింటేనే ఆవిడ వంటింట్లోకి పోయి తలుపేసుకుంటుంది.

నన్ను ఎన్నిసార్లు ఫూల్ని చేస్తావురా? నా పెళ్ళి భోజనాల దగ్గర మైకు పట్టుకుని "పెళ్ళికొడుక్కి పెరుగు పడదు, దయచేసి ఎవరూ వడ్డించవద్దు" అన్నావు. నాకు పెరుగంటే ప్రాణం. అత్తారింట్లో ఇవాల్టికీ నా విస్తట్లో పెరుగు వెయ్యరు. అల్లుడికి పడదు పాపం అంటారు. ఆ తర్వాత కలెక్టరాఫీసు నుంచి వచ్చినట్టు కార్డు రాశావు, నా గేదెని పామర్రు పశువుల ప్రదర్శనకి ఎంపిక చేశారని. దానికి కొమ్ములకి నూనె రాసి, మెళ్ళో దండేసి తోలుకుపోతే అక్కడ ప్రదర్శనా లేదు, కలెక్టరూ లేడు. నువ్వు సోడా తాగుతూ నుంచుని ఉన్నావు. "గేదె ఎంత అందంగా ఉందిరా" అన్నావు.

ఇప్పుడు సెమినరీయా? నేను నమ్మి నిన్ను పొగుడుతూ రాస్తే, దాన్ని మైకులో చదివి పటమట మొత్తాన్నీ నవ్విస్తావు. ఈసారి కుదరదు.

పోనీ నిజమే అనుకుందాం. నీకెందుకురా ఆ చదువు? మా పక్క ఊరి కుర్రాడొకడు అట్టాగే సెమినరీకి పోయాడు. పోయేటప్పుడు వాళ్ళ పేటంతా వచ్చి బస్సెక్కించి ఏడ్చింది. చదువైపోయాక కోటేసుకుని బెజవాడ పెద్ద గుళ్ళో చేరాడు. మళ్ళీ ఈ దుమ్ములో కాలు పెట్టలేదు. చదువు మనిషిని అట్టా లాక్కుపోతుంది. మనిద్దరం మానేసి మంచి పని చేశాం.

సాక్ష్యం అడిగావుగా, రాశాను. నీకు కాదు, నేరుగా మీ అయ్యగారికే పోస్టు చేశాను. పెరుగు సంగతి, గేదె సంగతి, అన్నీ ఉన్నాయి. క్రిస్మస్ మీటింగుల్లో జాన్‌బాబు మాస్టారి ప్రసంగం పెరిగిపోతే వైరు పీకేసి "బ్యాటరీ డౌన్" అంటానని నాతో చెప్పావే, అది కూడా రాశాను. కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ సంతకం పెట్టాను.

ఈసారి సోడా నేను తాగుతాను.

హనుమయ్య


పటమట
10 జూన్ 1974

హనుమయ్యా,

ఇది వేళాకోళం కాదురా. ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది.

నిన్న ఆరాధన అయ్యాక గుళ్ళో కమిటీ కూర్చుంది. నన్ను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు. అయ్యగారు నీ కవరు అక్కడే చించి పైకి చదివారు. ముందు చూసుకోలేదు పాపం. ఊరి పెద్దమనిషి రాశారంటే మంచే రాస్తారు గదా అనుకున్నారు.

పెరుగు దగ్గర అందరూ నవ్వారు. గేదె దగ్గర అయ్యగారే చదవలేక ఆగిపోయారు. నేనూ నవ్వా. తర్వాత బ్యాటరీ వచ్చింది. జాన్‌బాబు మాస్టారే మా కమిటీకి పెద్దరా! ఆయన కళ్ళజోడు పైకెత్తి నన్ను చూశారు.

"అయితే బ్యాటరీ డౌన్ అవలేదన్నమాట."

"అప్పుడప్పుడూ అయ్యేదండి."

"నా వంతులోనే అయ్యేది."

"ఇతను దేవుడి పనికి పోతున్నాడా, దాన్ని కూడా వేళాకోళం చేద్దామని పోతున్నాడా?" అన్నారు మాస్టారు. ఆ మాట తగిలింది. చివరికి అయ్యగారు బతిమాలితే, ఈ ఉత్తరం రాసినాయన స్వయంగా వచ్చి మాట్లాడాలి, ఇరవై మూడో తారీకు ఆదివారం దాకా చూస్తాం, ఆ తర్వాత కాగితాలు పంపేది లేదు అన్నారు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మొన్న ఎండలు ముదరకముందు పామర్రు అవతల కాలవగట్టు పేటకి మైకు పెట్టడానికి పోయా. రత్తయ్య అనే ముసలాయన పోయాడు. తాటాకు గుడి ఉంది వాళ్ళకి, పాస్టరు లేడు. ఒకాయనే బోలెడు ఊళ్ళు తిరుగుతాడు, ఆ రోజు ఆయన ఎక్కడో పెళ్ళిలో ఉండిపోయాడు. పొద్దెక్కుతోంది. శవం చుట్టూ ఉన్నోళ్ళంతా నా వైపు చూశారు. చేతిలో మైకున్నది నాకే గదా. రత్తయ్య పెళ్ళాం సుబ్బరత్నం "ఏదో ఒక మాట చెప్పి పంపయ్యా" అంది.

నాకు మాట రాలేదురా. నాకు! ఆఖరికి "రత్తయ్యగారు ఎట్టాంటోడమ్మా?" అని మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టా. ఆవిడ ఆయన గురక గురించి చెప్పింది. ఆ గురక్కి వీధిలో కుక్కలు మొరిగేవంట. ఏడుస్తూనే నవ్వింది. అట్టా మైకు చేతులు మారి మారి తలో మాటా చెప్పారు. చివర్లో నేను చిన్న ప్రార్థన చేశా. నోరు తెరిచి పైకి చేసిన మొదటి ప్రార్థన అది. వచ్చేటప్పుడు సుబ్బరత్నం "వచ్చే ఆదివారం వస్తావా అయ్యా?" అంది. ఊరికే తలూపా. కానీ పోయా. అప్పట్నుంచీ ఆదివారం మ్యాట్నీ మానేసి అక్కడికే పోతున్నా.

చదవడం వచ్చిన కుర్రాళ్ళంతా పనులకి బెజవాడ వచ్చేశారు. అక్కడ ఉన్నోళ్ళలో చదువుకున్నోణ్ణి నేనే, అదీ ఐదో తరగతి! పెళ్ళి చెయ్యడానికి, బాప్తిస్మం ఇవ్వడానికి నాకు హక్కు లేదు. మొన్న సుబ్బరత్నం "పైన కూడా మా ఆయనకి గురక ఉంటదా అయ్యా?" అని అడిగింది. ఏం చెప్పను? అందుకురా సెమినరీ.

నవ్వకుండా రాయడం నాకు చేతకాదు. ఇప్పుడు రాశా. వస్తావా?

ఆమోసు


చల్లపల్లి
15 జూన్ 1974

ఒరేయ్ ఆమోసూ,

నీ ఉత్తరం నమ్మలేదు. గేదె ముందు నుంచుని కూడా నువ్వు మొహం ఇంత గంభీరంగానే పెట్టావు. అందుకే మొన్న పామర్రులో బస్సు దిగి, కాలవగట్టు పట్టుకుని ఆ పేటకి నడిచాను. జీలుగ విత్తనాలు కావాలని వంక చెప్పాను.

మా ఊరికీ ఒక పేట ఉంది. పనికి పిలిస్తే వాళ్ళే వస్తారు. ఒక పేటలోకి నేను నడిచి వెళ్ళడం ఇదే మొదలు. వాళ్ళకీ వింతగానే ఉన్నట్టుంది, ముందు ఎవరూ దగ్గరికి రాలేదు. సుబ్బరత్నమే నులకమంచం వాల్చింది.

"ఎవరో మైకాయన వస్తాడంటగా ఇక్కడికి?" అన్నాను.

"మైకాయనేంటండి, మా అయ్యగారు."

"ఏం చెప్తాడేంటి?"

"ఆయన చెప్పేది తక్కువేనండి, మా చేత చెప్పిత్తాడు. మొన్న నాకూ ఎదురింటావిడకీ పంపు కాడ గొడవైంది. ఇద్దర్నీ నుంచోబెట్టి, నా తిట్లు ఆవిడ చేత, ఆవిడ తిట్లు నా చేత తిట్టించాడండి. సగంలో నవ్వొచ్చి ఇద్దరం కూలబడ్డాం."

"వేళాకోళం మనిషిలాగున్నాడే."

"అవునండి. కానీ మా ఆయన పోయిన్నాడు ఒక్క వేళాకోళం ఆడలేదండి."

బెల్లం టీ ఇచ్చింది. తాగి, ఇంకో గ్లాసు అడిగాను. జీలుగ విత్తనాలు నిజంగానే దొరికాయి. మూట మోసుకుంటూ గట్టు మీద నడిచి వచ్చేసరికి నడుం పడిపోయింది. ఇది కూడా నీ ఖాతాలోదే.

ఇరవై మూడున వస్తున్నాను. నువ్వు మాత్రం నా ఎదురుగా కూర్చోకు. నీ మొహం చూస్తే నాకు మాట తడబడుతుంది.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. నువ్వు పోవడం నాకిష్టం లేదు. ఈ జిల్లాలో నన్ను ఫూల్ని చేసేవాడు ఇంకెవడున్నాడు?

హనుమయ్య


పటమట
24 జూన్ 1974

ఒరేయ్ హనుమయ్యా! ఒరేయ్!

కాగితాలు పోస్టులో పడ్డాయి! జాన్‌బాబు మాస్టారే సంతకం పెట్టారు, నా కలంతో! కలం ఆయన జేబులోనే పెట్టుకుపోయారు. అడగడానికి భయమేసి ఊరుకున్నా.

లోపల ఏం చెప్పావురా? నన్ను బయటికి పంపేశారు. తలుపుకి చెవి పెట్టా. అయ్యగారి గొంతు వినపడింది, మాస్టారి గొంతు వినపడింది, నీది మాత్రం దుప్పట్లో గొణిగినట్టుంది. తర్వాత చాలాసేపు చప్పుడే లేదు. నా పని అయిపోయిందనుకున్నా. అంతలో నవ్వు! మాస్టారు నవ్వగా నేనెప్పుడూ వినలా, ఎవరికో దగ్గు వచ్చిందనుకున్నా. నువ్వేమో బయటికొచ్చి "బస్సుకి టైమైంది" అని చెప్పులేసుకుని పోయావు. రాయి. మొత్తం రాయి.

మార్త సంగతి విను. పరిగెత్తుకుంటూ ఇంటికి పోయా. ట్రంకుపెట్టె సర్ది మంచం కింద ఉంది!

"ఎప్పుడు సర్దావే?"

"నువ్వు చెప్పిన రోజే."

"మరి ఎవర్ని ఏడిపిస్తన్నావని అడిగావుగా!"

"సినిమా మానేసి ఆదివారం ఆదివారం బస్సెక్కిపోయేవాడిది వేళాకోళమని ఎట్టా అనుకుంటా? నవ్వకుండా నాకు ఒక్కసారి చెప్తావేమోనని చూశా. చెప్పలా."

మొగుణ్ణి ఇట్టా ఏడిపించడం ఎక్కడ నేర్చిందంటావ్?

మైకుసెట్టు అమ్మబుద్ధి కాలా. లారీలో నీకు పంపుతున్నా, గొడ్లసావిట్లో పెట్టు. హారన్ గొట్టాల్లో కోళ్ళు గుడ్లు పెట్టకుండా చూడు.

ఆమోసు


చల్లపల్లి
30 జూన్ 1974

ఆమోసుకి,

మైకుసెట్టు చేరింది. కోడి అప్పుడే ఒక హారన్ చూసుకుంది.

లోపల జరిగింది ఇదీ. మాస్టారి మొదటి ప్రశ్నే బ్యాటరీ. "మీరు రాసింది నిజమేనా?" అన్నారు.

"అన్నీ నిజమేనండి. గేదె కూడా."

"ఎందుకట, వైరు పీకడం?"

నువ్వు నాతో అన్నదే చెప్పాను. "మీరు మాట్లాడుతుండగా వెనక వరసలు ఖాళీ అయ్యేవటండి. మీరు తలెత్తి అది చూసేలోపు పీకేసేవాడట. జనం పోయారని కాకుండా బ్యాటరీ పోయిందని మీరు అనుకోవాలని."

నువ్వు తలుపు అవతల చప్పుడు లేదనుకున్నది అప్పుడే. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. మీ అయ్యగారు కిటికీలోంచి కాకుల్ని చూడటం మొదలెట్టారు. ఇంక నేనే అన్నాను.

"వీడి చేతిలో అందరికంటే ఎక్కువ ఫూలైంది నేనేనండి. కానీ మా నాయన పోయినప్పుడు, చేలు మునిగి కంకి నల్లబడినప్పుడు, వీడు నన్ను ఏడిపించలేదు. వచ్చి పక్కన కూర్చునేవాడు. ఎవరితో ఎప్పుడు ఆడకూడదో వీడికి తెలుసండి. అది మీ సెమినరీలో చెప్తారో లేదో నాకు తెలీదు."

"మీరు మా సంఘం వారు కారు. ఇతను వెళ్తే మీకేంటి లాభం?" అన్నారు మాస్టారు.

"లాభం ఎక్కడండి, నష్టమే. వీడు పోతే నాకు పొద్దుపోదు. నష్టపోయేవాడు అబద్ధపు సాక్ష్యం ఎందుకు చెప్తాడండి?"

నవ్వింది అప్పుడే. నవ్వు ఆగాక ఆయన అన్నది కూడా విను. "సరే, వచ్చే క్రిస్మస్‌కి మైకు ఎవరు పెట్టినా, వైరు మాత్రం నా కాలి కింద ఉంటుంది" అన్నారు.

బస్సుకి టైమవలేదు. ఇంకా బోలెడు టైముంది. నీ ముందు నుంచోలేక పోయాను.

వెళ్ళిరా. కోటు మాత్రం కుట్టించుకోకు.

హనుమయ్య


సెమినరీ క్వార్టర్లు, గోదావరి అవతల
13 అక్టోబర్ 1974

ఒరేయ్ గాడిదా,

బతికే ఉన్నా! పొద్దున్నే గంట, ప్రార్థన, గంట, క్లాసు, గంట, అన్నం, మళ్ళీ గంట. మొదటి నెల్లో పారిపోదామనుకున్నా, ఆ సంగతి ఇన్నాళ్ళ ఉత్తరాల్లో నీకు రాయలా. చుట్ట లేక అగ్గిపుల్లలు నమిలా. ఒక రోజు ఆగలేక గంట నాలిక విప్పి వంటింట్లో కందిపప్పు డబ్బాలో దాచా. ఆ పొద్దున ప్రిన్సిపాలుగారితో సహా అందరూ హాయిగా పడుకున్నారు. మధ్యాన్నం పప్పులో అది బయటపడింది. ఎవరు చేశారని ఎవరూ అడగలా, అందరూ నా వైపే చూశారు.

మార్త ఆడవాళ్ళ క్లాసులో ఫస్టు! ఇంటికొచ్చి నా నోట్సులో తప్పులు దిద్దుతోంది. కుర్రాళ్ళేమో నన్ను బాబాయ్ అంటూ బట్టలుతికే కాడ కూడా చుట్టూ చేరతారు.

సుబ్బరత్నం అడిగిన గురక సంగతి క్లాసులో అడిగా. మాకు చెప్పే సారు పెద్ద పెద్ద చదువులు చదివినాయన. నవ్వుతాడనుకున్నా. నవ్వలా. రెండు రోజులు ఆలోచించి వచ్చి "నాకు తెలియదు ఆమోసూ. కానీ ఆవిడ అడిగింది గురక గురించి కాదు" అన్నాడు. ఈ ఒక్క ముక్క కోసమైనా ఇక్కడికి రావచ్చురా!

అసలు కబురు ఇప్పుడు. మొన్న నా చేత ప్రసంగం చెప్పించారు. బెజవాడ నుంచి పెద్ద సంఘం వాళ్ళు వచ్చి విన్నారు. అయ్యాక నన్ను పట్టుకుని "చదువు కాగానే మా దగ్గరికి వచ్చెయ్యండి" అన్నారు. పెద్ద గుడిరా! పక్కా ఇల్లు, ఫ్యాను, స్కూటరు! బల్ల కొట్టి మాట్లాడితే వెయ్యి మంది వింటారు. రెండు రోజుల్నుంచి నాకు కాలు నేల మీద నిలవట్లా. కాలవగట్టు పేటకి ఎవరో ఒకరు దొరుకుతార్లే. దొరకరంటావా? మార్తని అడిగితే బియ్యంలో రాళ్ళేరుతోంది. నువ్వు చెప్పు.

ఆమోసు


చల్లపల్లి
29 అక్టోబర్ 1974

ఆమోసుకి,

నీకు చెప్పని సంగతి నా దగ్గర కూడా ఒకటుంది. నీ ఉత్తరాలు నేనొక్కణ్ణే చదువుకోవడం లేదు.

జూలైలో జీలుగ విత్తనాల డబ్బులు బాకీ ఉన్నానని వంక పెట్టుకుని పేటకి వెళ్ళాను. సుబ్బరత్నం నీ కబురు అడిగింది. జేబులో ఉత్తరం ఉంటే తీసి చదివాను. మరుసటి ఆదివారం గుడినిండా జనం. వెనకున్నోళ్ళకి వినపడట్లేదంటే నీ మైకుసెట్టు కోడితో సహా బండిలో వేసుకెళ్ళాను. ఇప్పుడు "హలో, హలో" అనకుండా మొదలెడితే ఒప్పుకోరు. నువ్వు నన్ను గాడిదా అన్నచోట మింగేస్తే, సుబ్బరత్నం "అక్కడేదో మింగారండి, చదవండి" అంటుంది. పద్మావతి అడుగుతోంది, ఆదివారం ఆదివారం ఎక్కడికి పోతున్నావని. ఏం చెప్పను?

ఈ ఉత్తరం కూడా తీసుకెళ్ళాను. కందిపప్పు దగ్గర పడీ పడీ నవ్వారు. గురక దగ్గర సుబ్బరత్నం కొంగుతో మొహం తుడుచుకుని "ఆ సారు మంచోడండి" అంది. ఆ తర్వాత పెద్ద గుడి, ఫ్యాను, స్కూటరు వచ్చాయి. ఆగిపోయాను.

"ఇంకేం రాశాడండి?"

"కళ్ళజోడు మసకేసింది, ఉండండి" అన్నాను. తుడుచుకుని చదివాను. "నా పేట వాళ్ళందరికీ! నన్ను వేరే చోటికి రమ్మంటున్నారు. పోను. రెండేళ్ళు ఓపిక పట్టండి, మార్తని తీసుకుని మీ దగ్గరికే వస్తాను" అని చదివాను. మైకులోనేరా. కాలవ అవతల చేలల్లో ఉన్నోళ్ళకి కూడా వినపడింది. ఒకటే చప్పట్లు. నిన్న గుడి పక్కన మీ ఇద్దరికీ ఇల్లు వెయ్యడానికి పునాది తవ్వారు. నేను కూడా నాలుగు పారలు తవ్వాను.

నువ్వు రాయని మాట రాశావన్నాను. అది పాపమైతే మీ సారుని అడిగి చెప్పు. కాదని నువ్వు వాళ్ళకి రాసుకోవచ్చు. కానీ ఆ ఉత్తరం చదవాల్సింది నేనే.

పెరుక్కీ గేదెకీ చెల్లు. ఇది రాస్తూ సోడా తాగుతున్నాను.

హనుమయ్య


సెమినరీ క్వార్టర్లు
4 నవంబర్ 1974
(కార్డు)

గాడిదా,

నీ ఉత్తరం మార్త ముందు చదివింది. చాట పక్కన పెట్టి, నవ్వి నవ్వి, మంచం కింద నుంచి ట్రంకుపెట్టె తీసి దుమ్ము దులిపింది. ఇంకా రెండేళ్ళుందే అంటే వినదు.

ఇంటికి కాలవ వైపు పెద్ద కిటికీ పెట్టమను. ఫ్యాను లేదుగా.

ఈ కార్డు ఆదివారం మైకులో చదువు. ఏమీ మింగకుండా, మొదటి మాట నుంచి.

ఆమోసు